గౌరవ క్రీడాచార్యుడి వేసవి

విశ్వవిద్యాలయ ఉద్యోగుల సంక్షేమ సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు, వచ్చే వేసవిలో ఈ గుహమెట్లు దిగబోయే సమస్త ఆశ్రితులకు, ప్రాంగణ పాఠశాల విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు నరహరాచార్యులు నమస్కరించి వ్రాయునది.

తేదీ వేయలేదు. స్థలం పేర్కొనలేదు. అవి ఉంటే, ఇది ఎక్కడో ఎప్పుడో ఒకసారి జరిగిన సంగతి అని మీరు తేలికగా ఊపిరి పీల్చుకుంటారు. దిగుడుకు ముందురోజునుంచి అప్పటికప్పుడు వ్రాసుకున్న పుటలనే వరుస మార్చకుండా జతపరుస్తున్నాను. భాషను మాత్రం ఒకసారి సరిచూశాను.

ఒకటి

రేపు గుహలోకి దిగుడు. ఉద్యోగుల నివాసాలన్నిటి ముందూ పరుపులు చుట్టి త్రాళ్ళతో బిగిస్తున్నారు. పొద్దెక్కకముందే పని ముగించాలి. ఎక్కిన తరువాత ఇనుప గడియను వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం గడియకే ఉండిపోతుంది. ఊరివారు నిన్ననే తమ మట్టిగోతులలోకి దిగి, మూతులను లోపలినుంచి బంకమట్టితో మెత్తుకున్నారు. వానలు పడ్డాక ఎవరెవరు పైకి వచ్చారో చూసుకుంటాం. నా చెల్లెలు రుక్మిణి కూడా అక్కడే ఉన్నది. పింఛనుదారుగా నేను ఉద్యోగుల లెక్కలోనే ఉన్నాను. ఆమె ఉద్యోగి కాదు, ఉద్యోగికి ఆశ్రితురాలూ కాదు; భార్యాభర్తలూ పిల్లలూ తప్ప ఎవరూ ఆశ్రితుల లెక్కలోకి రారు.

సంఘంవారు ఈ ఏటి సౌకర్యాల ప్రకటన అంటించారు. కుటుంబానికి నాలుగు మంచాల చోటు, కొలనులో ఈత, ఆవకాయ పోటీ, సాయంత్రం ఆటలు. “పోటీలు నిర్వహించబడును” అని వ్రాశారు. తెలుగువాడు పోటీలు నిర్వహిస్తాడు. పోటీలు తమంతట తాము నిర్వహించబడవు. దిద్ది వచ్చాను.

సాయంత్రం సన్మానసభ జరిగింది. వ్యాయామశాఖలో పనిచేసే చౌడప్పకు సంఘం ‘గౌరవ క్రీడాచార్య’ బిరుదు ఇచ్చింది. తగిన మనిషే. వేసవి అంతా నేలకింద మగ్గే మూడువందల కుటుంబాలు ఒకరినొకరు కొట్టుకోకుండా ఉంటున్నాయంటే ఆయన మెడలోని ఈలే కారణం. సంఘ కార్యదర్శి ఆచార్య వనజాక్షి ప్రతిపాదించారు, రిజిస్ట్రారు సర్వోత్తమరావు బలపరిచాడు. సర్వోత్తమరావు నా శిష్యుడు. ఉచ్చారణ ఈనాటికీ చెక్కుచెదరలేదు.

భుజాలమీద శాలువా పడగానే చౌడప్ప చెమట తుడుచుకున్నాడు.

“ఈ ఎండలో శాలువా ఏంది తల్లీ. ఒక గొడుగిచ్చింటే పుణ్యముండు.”

సభ అంతా నవ్వింది. వంటశాలలో పనిచేసే ఆయన భార్య సుంకులమ్మ మాత్రం శాలువాను అక్కడికక్కడే మడిచి సంచిలో పెట్టుకున్నది. “చలికాలానికి దాస్తాలే,” అన్నది. చలికాలం అనే మాట విని పిల్లలు మరింత నవ్వారు.

రెండు

తలుపు దగ్గర తొలిసంజకే బారు తీరాం. యంత్రపు పలకమీద అరచెయ్యి ఆనిస్తే, అది పేరు పిలిచి లోనికి పంపుతుంది. చౌడప్ప ముసలివారి మూటలన్నీ దింపి, అలవాటు ప్రకారం చివరికి వచ్చాడు. పలకమీద చెయ్యి పెట్టాడు. యంత్రం ఒక క్షణం ఆగి, నేనెన్నడూ వినని వినయంతో పలికింది.

“గౌరవ క్రీడాచార్యులకు నమస్కారం. ప్రవేశం ఉద్యోగులకు, వారి ఆశ్రితులకు మాత్రమే.”

“ఇది గూడా ఎగతాళి నేర్చిందే,” అని చౌడప్ప చెయ్యి లుంగీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే నమస్కారం.

ముందుగా గ్రహించినవాడు సర్వోత్తమరావు. గౌరవ పదవి జీతంలేని పదవి. సన్మాన తీర్మానం రాత్రికే యంత్రానికి చేరింది. అది చౌడప్పను ఉద్యోగుల వరుసనుంచి తీసి గౌరవనీయుల వరుసలో కూర్చోబెట్టింది. ఇంతకుముందు మనం బిరుదులిచ్చినవారందరూ అప్పటికే చనిపోయినవారు కనుక ఈ చిక్కు ఎవరికీ ఎదురుకాలేదు. బ్రతికున్న మనిషిని గౌరవించడం సంఘ చరిత్రలో ఇదే మొదలు.

సుంకులమ్మ దిగిన మెట్లు మళ్ళీ ఎక్కి వచ్చింది. ఆమె వంటశాల ఉద్యోగి. పలకమీద తన చెయ్యి పెట్టి, “నా మొగుడు. నా ఆశ్రితుడని రాసుకో,” అన్నది.

“గౌరవనీయులు ఎవరికీ ఆశ్రితులు కారాదు. అది వారి గౌరవానికి భంగం.”

ఆ నియమం యంత్రానిది కాదు, సంఘానిదే. ఎప్పుడో మర్యాదకోసం వ్రాసుకున్నాం.

“అందరూ ఈడనే ఉండారు గదా,” అన్నది సుంకులమ్మ. “ఆ బిరుదు వద్దని చేతులెత్తండి. అయిపోతాది.”

వనజాక్షి ఆమె భుజంమీద చెయ్యి వేశారు. “అలా కుదరదు సుంకులమ్మా. సర్వసభ్య సమావేశానికి ముందుగా నోటీసు ఇవ్వాలి. మెట్లమీద నిలబడి చేసిన తీర్మానం చెల్లదు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే పోయేది చౌడప్పగారి పరువే.”

ఆచార్యులందరూ తల ఊపారు. ఆ క్షణాన నాకూ అది సబబుగానే తోచింది. ఎండ గడపను తాకబోతున్నది. లెక్కకు మించి ఒక్క శరీరం లోపల ఉన్నా తలుపు మూసుకోదు కనుక, ఆయనను లాక్కుని లోపల వేసుకునే వీలు లేదు.

“బడి నేలమాళిగలో తొట్టి నిండుగా ఉండాది. గోనెలు తడిపి కప్పుకుంటా,” అన్నాడు చౌడప్ప. “నాలుగు దినాల్లో మీటింగు పెట్టరా ఏంది.”

సుంకులమ్మ కదలలేదు. “నేనూ ఈడనే ఉంటా.”

“ఉంటే ఇద్దరం పోతాం. లోపలుంటే అడిగేదానికి ఒకరుంటారు. పో.”

ఆమెను ఆయనే లోపలికి నెట్టాడు.

మూడు

దిగువన చల్లగా ఉన్నది. కొలను నిండుగా ఉన్నది. ఈ ఏడు మామిడికాయలు దీపాల వెలుగులో పెంచే తోటలో బాగా కాశాయట. సున్నపురాతి గోడలన్నీ ఆవపిండి ఘాటు పట్టాయి. జీవశాస్త్రంవారికీ గణితంవారికీ మంచాల చోటు దగ్గర చిన్న తగవు వచ్చింది.

పైన బడి నేలమాళిగనుంచి, కొలను ఒడ్డునే ఉన్న మన సభామండపం దాకా ఒక గొట్టం ఉన్నది. మణికట్టుకంటే సన్నం. పాతకాలంలో వాన జాడ చెప్పడానికి వేసినది. సాయంత్రం అందులోనుంచి చౌడప్ప గొంతు వినిపించింది.

“ఎవురన్నా ఉండారా? ఆటల టైమయింది. వరసలు కట్టినారా?”

అందరూ లేచి నిలబడ్డారు. గొట్టంలోనుంచి ఈల మోగింది. పిల్లలు గెంతారు, పెద్దలు చేతులు చాచి వంగారు. ఆయన పైనుంచి ఊదుతుంటే దిగువన మేము వ్యాయామం చేశాం. సర్వోత్తమరావు కళ్ళు చెమర్చాయి. “అంకితభావమంటే ఇదీ,” అన్నాడు.

అవతల గొట్టంలో ఆ మాట వినిపించినట్లున్నది. “సారూ, అంకితం సంగతి తర్వాత. మీటింగెప్పుడు?”

“నోటీసు అంటించాం చౌడప్పా.”

“ఇంగేం. పెండ్లి కుదిరినట్లే.”

నాలుగు

సమావేశం జరిగింది. బిరుదు రద్దు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. యంత్రం అంగీకరించింది. చౌడప్ప మళ్ళీ ఉద్యోగి. అందరూ చప్పట్లు కొట్టారు. సుంకులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వంటశాలకు వెళ్ళబోతుంటే, శీతల విభాగపు ఇంజనీరు లేచాడు.

మూసిన తలుపు నడివేసవిలో తెరిస్తే లోపలికి వచ్చే వేడిని చల్లార్చాలి. దానికి కొలను నీరంతా ఖర్చవుతుంది. తాగేనీటికి లోటు లేదు, చల్లదనానికీ లోటు రాదు. కొలను మాత్రం వానలదాకా ఎండిపోతుంది.

“అంటే ఈత ఉండదు,” అన్నారు వనజాక్షి.

“ఉండదు.”

పిల్లల ఈతపోటీలు ఆ వారాంతంలోనే ఉన్నాయి. భూగర్భశాఖ ఆచార్యుని భార్య నెమ్మదిగా అన్నది: “పిల్లలు ఏడాదంతా దీనికోసమే ఎదురుచూస్తారు. చౌడప్పగారికి పిల్లలంటే ప్రాణం. ఆయన్నే అడిగితే ఆయనా వద్దంటారు.”

“అడగండి,” అన్నది సుంకులమ్మ. “గొట్టం ఆడనే ఉండాది గదా. అడగండి.”

ఎవరూ గొట్టం దగ్గరకు వెళ్ళలేదు.

“నీళ్ళలో ఎగిరేదానికి మనిషిని ఎండబెడతారా మీరు?” అన్నది ఆమె. అరవలేదు. చారులో ఉప్పు చాలిందా అని అడిగినట్లు అడిగింది.

“అలా మాట్లాడితే ఎలా వదినా,” అన్నాడు సర్వోత్తమరావు. “ఎవరూ వద్దనడం లేదు. పోటీలు కాగానే తెరుస్తాం. ఆయన గట్టి మనిషి.”

చేతులెత్తించారు. పోటీలు కాగానే అన్న పక్షం నెగ్గింది. నేను వెంటనే తెరవాలన్న పక్షాన చెయ్యెత్తాను. ఓడిపోయాను. ఓడిపోయినందుకు నా మంచం దగ్గర చల్లదనమేమీ తగ్గలేదు.

ఐదు

ఉదయం మండపంలో ఎవరూ లేనప్పుడు గొట్టం దగ్గరకు వెళ్ళాను.

“చౌడప్పా, నేను.”

“అయ్యవారా? చెప్పండి.” గొంతు ఇసుకలో ఈడ్చినట్లు వచ్చింది.

తలుపు ఎందుకు ఆలస్యమవుతున్నదో చెప్పాలని వెళ్ళాను. వాక్యం ఎంత కట్టినా నిలబడలేదు.

“తెలుసులే అయ్యవారూ. సుంకులు చెప్పింది. పొద్దన పిండి కలిపి వచ్చి, ఈడ కూసోని అంతా చెప్పి పోయింది.”

“కోపంగా ఉన్నదా?”

“ఉండాది. ఏం చేయాల కోపాన్ని? తడుపుకొని కప్పుకోను పనికొస్తాదా?” దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. “తొట్టిలో నీళ్ళు అడుక్కొచ్చినాయి. పాచి తేలతాంది. ఎవురికీ చెప్పొద్దండి అని అననులే. చెప్పండి. అందరికీ చెప్పండి.”

చెప్పాను. అందరూ బాధపడ్డారు. ఇంజనీరు పోటీలను ఒకరోజు ముందుకు జరపగలమేమో అడుగుతానన్నాడు. ఆవకాయ పోటీ ఆ రోజున ఉన్నదని తెలిసి ఊరుకున్నాడు.

ఈతపోటీకి ఈల ఎవరు ఊదాలన్న ప్రశ్న వచ్చింది. మరొకరికి ఆ పని అప్పగిస్తే చౌడప్పను అవమానించినట్లవుతుందని వనజాక్షి అన్నారు. గొట్టం నోటిదగ్గర పిల్లలను నిలబెట్టి, ఆయన ఊదగానే దూకించారు.

“ఆ రిజిస్ట్రారు కొడుకును చూసుకోండి,” అని హెచ్చరించాడు గొట్టంలోనుంచి. “ఊదకముందే దూకుతాడు నాబట్ట. పోయినేడూ అంతే.”

వాడు ఊదకముందే దూకాడు. నీళ్ళ చప్పుడు పైకి వినిపించి ఈల మోగింది, గట్టిగా, కోపంగా. వాణ్ణి వెనక్కి పిలిచి మళ్ళీ దూకించాం. తప్పు జరగనివ్వలేదు. తనను పైన ఉంచేసిన పోటీని ఆయన న్యాయంగానే నడిపాడు.

ఆరు

పోటీలు ముగిశాయి. సుంకులమ్మ తలుపు దగ్గరకు వెళ్ళి మెట్లమీద కూర్చున్నది. వంట ఆలస్యమైంది. ఇంజనీరు కొలను లోతు చూసి వచ్చి, వనజాక్షి చెవిలో ఏదో చెప్పాడు.

మూడువందల కుటుంబాల పిల్లలు రోజంతా ఎగిరి దూకిన కొలనులో నీరు మోకాలికి దిగిపోయింది. పైకి చిందినదంతా రాతి పగుళ్ళలోకి ఇంకింది. ఇప్పుడు తలుపు తెరిస్తే ఆ మిగిలిన నీరు చాలదు. తాగేనీటినుంచి తీయాలి.

మళ్ళీ సమావేశం. ఈసారి నోటీసు అక్కర్లేదన్నారు. అత్యవసర సమావేశాలకు మినహాయింపు ఉన్నదట. ఆ మినహాయింపు మెట్లమీద నిలబడినప్పుడు ఎవరికీ గుర్తుకు రాలేదు.

“ఇప్పుడు ఇది ఈత సంగతి కాదు,” అన్నారు వనజాక్షి. “ఇప్పుడిది పసిపిల్లల దాహం సంగతి.”

ఆ మాటకు ఎదురు చెప్పలేం. పోటీలకు ముందు చెప్పి ఉంటే అబద్ధమయ్యే కారణం ఇప్పుడు నిజమైపోయింది. నేను మళ్ళీ చెయ్యెత్తాను. నాతోపాటు ఎత్తినవారు పోయినసారికంటే తక్కువ.

సుంకులమ్మ ఓటు వేయడానికి ముందుకు రాలేదు. గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నది. మేము లేచి వెళుతుంటే ఆమె పైకి చెబుతున్నది వినిపించింది. “లేదంట. ఆఁ. లేదంట. నువ్వు తడిగోనె కప్పుకో. తడి లేకుంటే వట్టిదే కప్పుకో.”

ఏడు

వేసవి చివరి ఆటల సాయంత్రం. పెద్దలకు కుర్చీలాట. ఆట చిన్నదే, బహుమతి చిన్నది కాదు. గెలిచినవారికి వచ్చే వేసవికి ఒక అదనపు అతిథి చోటు దక్కుతుంది. ఉద్యోగి కాకపోయినా, ఆశ్రితుడు కాకపోయినా ఒక మనిషిని లోపలికి తెచ్చుకోవచ్చు. మట్టిగోతులలో తల్లినో తమ్ముణ్ణో వదిలి వచ్చినవారందరూ దిగారు. నేను కూడా రుక్మిణి కోసం దిగాను. మొదటి దఫాకే మోకాళ్ళు మోసగించాయి.

ప్రాంగణపు డప్పుల జట్టు వాయిస్తుంటే తిరగాలి, గొట్టంలోనుంచి ఈల వస్తే కూర్చోవాలి. తొట్టి అడుగు తడితోనే నెట్టుకొస్తున్నాడు కాబోలు, ఈల వస్తూనే ఉన్నది, చాలా సన్నగా. ఒక్కొక్కసారి డప్పులు ఆపి వినవలసి వచ్చింది. ఆచార్యులు ఒకరి నడుమును ఒకరు తోసుకుంటూ పడ్డారు. చివరికి ఒక్క కుర్చీ మిగిలింది. దానిచుట్టూ సర్వోత్తమరావు, వనజాక్షి.

డప్పు మొదలైంది. ఇద్దరూ తిరుగుతున్నారు. ఈల రాలేదు.

మొదట అందరూ నవ్వారు. “ఆటపట్టిస్తున్నాడు,” అన్నారెవరో. తరువాత నవ్వులు ఆగిపోయాయి. నడక ఆగలేదు. ఈల లేకుండా కూర్చున్నవారు ఓడినట్లే కదా. డప్పువాళ్ళు చేతులు మార్చుకున్నారు. సర్వోత్తమరావు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ చల్లటి మండపంలో చెమట పట్టడం నేను చూడటం అదే మొదలు. వనజాక్షి కుర్చీ వీపును వేలికొసలతో తాకుతూ తిరుగుతున్నారు. ఆపమని చెప్పగలిగినవారు ఎవరూ చెప్పలేదు. ఆపితే ఎందుకు ఆపామో కూడా చెప్పాలి.

సుంకులమ్మ వంటశాలనుంచి వచ్చింది. చేతికి సంగటి అంటుకుని ఉన్నది. ఇద్దరి మధ్యనుంచి నడిచి, కుర్చీలో కూర్చున్నది.

“ఇంగ ఊదడు,” అన్నది. “డప్పు ఆపండి.”

ఆపారు.

న్యాయనిర్ణేతలు పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. పోటీ ఉద్యోగులందరికీ తెరచి ఉన్నది, సుంకులమ్మ ఉద్యోగి, చివరి కుర్చీలో కూర్చున్నది ఆమె. ఆమెనే విజేతగా ప్రకటించారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అతిథి పేరు తరువాత చెప్పవచ్చునని వనజాక్షి దయగా అన్నారు.

ఎనిమిది

ఆ మరునాటినుంచి వంటశాలకు సహాయం పెరిగింది. అంట్లు తోమడానికి ఆచార్యుల భార్యలు వచ్చారు. ఎన్నడూ గిన్నె ముట్టని సర్వోత్తమరావు రాగిపిండి జల్లించాడు. అందరూ ఆమెను వదినా అనీ, అక్కా అనీ పిలిచారు. ఒక్కొక్కరూ వేరుగా, ఒంటరిగా వచ్చారు.

సర్వోత్తమరావు తన తల్లి పేరు చెప్పాడు. “మా అమ్మకు ఇంకొక వేసవి గోతిలో అంటే కష్టం వదినా. నీకు ఆ చోటు ఎటూ...” అని ఆగాడు.

“అట్లే సారూ,” అన్నది సుంకులమ్మ. “మీ అమ్మనే పిల్చుకొని రాండి.”

వనజాక్షి తమ్ముడి పేరు చెప్పారు. ఇంజనీరు తాత పేరు చెప్పాడు. పిల్లల ఈత ముచ్చట గురించి మాట్లాడిన భూగర్భశాఖ ఆచార్యుని భార్య తన చిన్నమ్మ పేరు చెప్పింది. నేనూ వెళ్ళాను. పొయ్యి పక్కన నిలబడి నా చెల్లెలి పేరు చెప్పాను.

“అట్లే అయ్యవారూ. రుక్మిణమ్మనే తీసుకొని రాండి. తలుపుకాడ నేనుంటా.”

సంతోషంతో వెనక్కి వస్తుంటే, వెనుక మరొకరికి ఆమె అదే చెబుతుండటం విన్నాను. అదే గొంతు, అదే మాట. తిరిగి చూశాను. ఆమె నన్ను చూసింది. దాచాలని ప్రయత్నించలేదు.

“అందరికీ ఇస్తావా, సుంకులమ్మా?” అని అడిగాను.

“తలుపుకాడ తేల్చుకోండి,” అన్నది సంగటి కలుపుతూ. “చేతులెత్తుకుంటారో, నోటీసు అంటించుకుంటారో. ఎండొచ్చేలోగా.”

తొమ్మిది

వానలు పడ్డాయి. తలుపు తెరిచారు. చౌడప్పను ఎక్కడ ఎలా చూశామో వ్రాయను. మీలో పెద్దలందరూ చూశారు. సంతాపసభలో ఆయనకు బిరుదు తిరిగి ఇచ్చారు. ఇక ఆ బిరుదువల్ల ఏ చిక్కూ లేదు. సుంకులమ్మ వంటశాలలోనే ఉన్నది. ఆరోగ్యంగా ఉన్నది. మీ పిల్లలకు అన్నం పెడుతున్నది.

ఆ ఒక్క చోటు మీకే అని ఆమె మాట ఇచ్చిందని నమ్మి మీరందరూ వచ్చే వేసవికి మీ ముసలివారికి గోతిలో చోటు వద్దని చెప్పేశారు. నేనూ చెప్పాను. నిన్న వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. రుక్మిణి ఏడ్చింది. దిగుడునాటికి గోతుల మూతులు మెత్తేసి ఉంటాయి. తలుపు ముందు ఒక్క చోటుకు ఎందరు ముసలివారు నిలబడతారో నాకు తెలియదు. ఎవరికి ఎవరు ఎదురుగా చెయ్యెత్తుతారో మాత్రం తెలుసు.

అందువల్ల ఈ ఉత్తరాన్ని గోతుల మూతులు మూయకముందే, సర్వసభ్య సమావేశంలో, మొదటినుంచి చివరిదాకా, ఒక్క వాక్యమూ వదలకుండా, సుంకులమ్మ సమక్షంలో బిగ్గరగా చదివించవలసిందిగా కోరుతున్నాను. చదవవలసినవాడు సర్వోత్తమరావు. అతని తల్లిని ముందు వరుసలో కూర్చోబెట్టండి.